ఆఫీసు ఫోన్‌కి డేటాబేస్‌ని కలపడం: మధ్యలో వర్క్‌ఫ్లో ఎంత చేయాలి, ఎంత చేయకూడదు

ఫోన్ సిస్టమ్‌ని డేటాబేస్‌తో కలపమని అడిగేవాళ్లకు కావలసింది సాధారణంగా మూడే పనులు. కాల్ మోగుతుండగానే చేసింది ఎవరో తెరమీద కనపడాలి. ఎవరూ ఎత్తని కాల్ ఒకరి పనుల జాబితాలోకి దానంతటదే చేరాలి. మాట్లాడడం అయ్యాక ఆ కాల్ వివరం కస్టమర్ రికార్డులో ఉండిపోవాలి. ఇంతకు మించి ఎవరైనా అడిగితే, ముందు ఈ మూడూ నిలబడనివ్వండి అంటాను.

ఇళ్లకీ ఆఫీసులకీ వెళ్లి యంత్రాలు బాగుచేసే ఒక సర్వీసు సంస్థలో డేటాబేస్ చూసుకోవడం నా ఉద్యోగం. "సర్వరు నీదేగా అమ్మా, ఫోన్లు కూడా నువ్వే చూడు" అని వాటినీ నా మెడకే చుట్టారు. దాంతో కాల్ పోయినా నన్నే అడుగుతారు, రికార్డు పోయినా నన్నే అడుగుతారు. రెండు వైపులా మాటపడే మనిషిగా నాకు కుదిరిన పద్ధతి ఇది. దీనికి మూలసూత్రం ఒక్కటే: మధ్యలో ఉండి ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి సమాచారం చేరవేసే వర్క్‌ఫ్లో టూల్ దగ్గర ఏదీ నిల్వ ఉండకూడదు, ఏ నిర్ణయమూ ఉండకూడదు. అది ఉత్తరాలు మోసే తపాలా మనిషి లాంటిది. ఉత్తరం తన ఇంట్లో దాచుకోడు, విప్పి చదివి జవాబూ రాయడు. జ్ఞాపకం, నియమాలు అన్నీ డేటాబేస్‌లోనే. ఇక కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మాట మీదే నడుస్తుంది.

ఏది ఎక్కడుందో ముందు చూసుకోండి

క్లౌడ్ ఫోన్ సిస్టమ్ అయితే దాని అడ్మిన్ పేజీలో వెబ్‌హుక్ అనే మాట వెతకండి. కాల్ మోగినా, ఎత్తినా, పెట్టేసినా, వాయిస్‌మెయిల్ వదిలినా అది మీరిచ్చిన యూఆర్‌ఎల్‌కి ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపుతుంది. మనకు కావలసింది అదే. కొన్ని చోట్ల ఇది పై ప్లాన్‌లో మాత్రమే ఉంటుంది కాబట్టి కొనే ముందే అడగండి. రోజుకోసారి రిపోర్టు ఈమెయిల్ చేస్తాం అనే సిస్టమ్‌తో ఈ పని జరగదు.

సొంత సర్వర్ మీద ఆస్టెరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ నడుపుతుంటే కథ వేరు. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి కాల్‌కీ సీడీఆర్ అనే వివరపట్టీ రాస్తుంది. దాని మీద ఫ్రీపీబీఎక్స్ (ఆస్టెరిస్క్‌ని వెబ్ పేజీల నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే ఆ పట్టీలు నేరుగా ఆస్టెరిస్క్‌సీడీఆర్‌డీబీ అనే డేటాబేస్‌లో సీడీఆర్ టేబుల్‌లోకే వెళ్తాయి. అది చూసి "ఇంకేం, డేటాబేస్ కలిసే ఉందిగా" అనుకుంటారు చాలామంది. ఆ వరుస రాసేది కాల్ అయిపోయాక. మోగుతుండగా పేరు చూపించడానికి అది పనికిరాదు. దానికి ఆస్టెరిస్క్ బయటి ప్రోగ్రాములకు ఇచ్చే దారుల్లో, 5038 పోర్టులో మాట్లాడే ఏఎంఐ గానీ, వెబ్ పద్ధతిలో నడిచే ఏఆర్‌ఐ గానీ వాడాలి. లేదంటే కాల్ ఎటు వెళ్లాలో చెప్పే డయల్‌ప్లాన్‌లోంచే, వెబ్ అడ్రసుని పిలిచే కర్ల్‌తో మన వర్క్‌ఫ్లోని పిలవాలి. నాకైతే మూడోదే తేలిక. ఒక్క లైను, చదివితే అర్థమవుతుంది.

మధ్యలో వాడే టూల్స్‌లో ఎక్కువమంది నోట వినపడేవి జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్. ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎక్కడ నడుస్తుంది? డేటాబేస్ మీ లోపలి నెట్‌వర్క్‌లో ఉండి టూల్ బయట క్లౌడ్‌లో ఉంటే, ఆ టూల్ కోసం డేటాబేస్‌కి ఒక తలుపు తెరవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే 5432 పోర్టునో, మైఎస్‌క్యూఎల్ వాడే 3306నో ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి పెట్టడం మాత్రం చేయకండి. పోర్టులు వెతికే స్కానర్లు తలుపు తట్టకుండా ఉండవు. టూల్ వాళ్ల ఐపీ అడ్రసులకు మాత్రమే అనుమతించడం, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (తాళం వేసిన రహస్య దారి) వేయడం, డేటాబేస్ ముందు చిన్న ఏపీఐ (అడిగినదానికే జవాబిచ్చే కిటికీ) నిలబెట్టడం, ఈ మూడూ మర్యాదైన దారులు. ఎన్‌ఎయిట్‌ఎన్‌ని సొంత సర్వర్ మీద పెట్టుకునే వీలుంది కాబట్టి నేను అదే ఎంచుకున్నాను. డేటాబేస్ పక్కనే కూర్చుంటుంది. బయటికి కనపడేది వెబ్‌హుక్ దారి ఒక్కటే, అదీ రివర్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్టులు తీసుకుని లోపలికి పంపే సర్వర్) వెనక, హెచ్‌టీటీపీఎస్ మీద.

ఇంకో మాట. ఇలాంటి టూల్స్‌లో "టేబుల్‌లో కొత్త వరుస వచ్చినప్పుడు" అనే ట్రిగ్గర్ చూసి సంబరపడకండి. సాధారణంగా అది కొన్ని నిమిషాలకోసారి వెళ్లి చూసి వస్తుందే తప్ప వరుస పడిన క్షణంలో లేవదు. కాంటాక్టులు పంపడానికి సరిపోతుంది. మోగుతున్న ఫోన్‌కి సరిపోదు.

ఫోన్ నంబరే అసలు పని

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం దేనికి ఇవ్వాలని నన్నడిగితే నంబర్లు శుభ్రం చేయడానికి అంటాను. రెండు వ్యవస్థల మధ్య ఉన్న తాడు అదొక్కటే. ఒకే నంబరు మన డేటాబేస్‌లో ఎన్ని వేషాల్లో ఉంటుందో చూడండి:

(202) 555-0143
202.555.0143
12025550143
+1 202 555 0143
2025550143 x214
2025550143 / 2025550178
1.20256E+10

చివరిది ఎవరో స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసినందువల్ల వచ్చింది. అందులో చివరి అంకెలు పోయినట్టే, ఏ ఫార్ములాతోనూ వెనక్కి రావు. పాత బ్యాకప్ వెతుక్కోవాలి, లేదా కస్టమర్‌నే అడగాలి. నంబరు కాలమ్‌ని అంకె రకంగా పెట్టినవాళ్లకు ఇంకో తలనొప్పి: మొదట్లో సున్నా ఉన్న నంబర్లలో ఆ సున్నా ఎగిరిపోతుంది. ఫోన్ నంబరుతో ఎవరూ కూడికలు చేయరు. దాన్ని టెక్స్ట్‌గానే ఉంచండి.

పోలికకు వాడాల్సిన రూపం ఇ.164. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన ప్రమాణం అది: ముందు దేశం కోడ్, తరువాత నంబరు, అన్నీ కలిపి 15 అంకెలకు మించకూడదు. రాసేటప్పుడు ముందు ప్లస్ పెడతాం, మధ్యలో ఖాళీలు, గీతలు ఏమీ ఉండవు. పైన ఉన్న నంబరు +12025550143 అవుతుంది. ఒకే దేశం నంబర్లయితే అంకెలు కానివన్నీ తీసేసి, పొడవు చూసి కోడ్ తగిలించే చిన్న ఫంక్షన్ చాలు. రెండు మూడు దేశాలుంటే సొంత తెలివి వాడకండి. గూగుల్ వాళ్ల లిబ్‌ఫోన్‌నంబర్ లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది, దేశదేశాల నియమాలు అందులో ఉన్నాయి.

కస్టమర్ టేబుల్‌లో ఫోన్1, ఫోన్2, ఫోన్3 అని కాలమ్‌లు పెంచుకుంటూ పోకుండా నంబర్లకు వేరే టేబుల్ పెట్టండి. అందులో కస్టమర్ ఐడీ, వాళ్లు ఇచ్చినప్పటి ముడి రూపం, ఇ.164 రూపం, ఎక్స్‌టెన్షన్, అది ఎవరిదో చెప్పే చిన్న గుర్తు ఉండాలి. ముడి రూపాన్ని పారేయొద్దు. రేపు ఫంక్షన్‌లో ఏదైనా మార్చితే మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేసుకోవడానికి అదే దిక్కు. ఇ.164 కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) వేయండి, కానీ ఒకే విలువను రెండోసారి రానివ్వని యూనీక్ ఇండెక్స్ వేయకండి. భార్యాభర్తలిద్దరూ ఒకే నంబరు ఇస్తారు. ఒక కంపెనీ రిసెప్షన్ నంబరు వెనక పదిమంది కస్టమర్లు ఉంటారు. అది తప్పు కాదు, లోకం అలాగే ఉంటుంది.

"చివరి పది అంకెలు కలిస్తే చాలు" అని ఎస్‌క్యూఎల్ లైక్‌లో నంబరు ముందు పర్సెంట్ గుర్తు (ముందు ఏమున్నా సరే అని) పెట్టి వెతికే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది. అలా రాస్తే మామూలు ఇండెక్స్ ఉపయోగపడదు, టేబుల్ మొత్తం తవ్వాలి. పైగా వేరే దేశం నంబరు ఇంకెవరి పేరుమీదో కనపడుతుంది. ఫోన్ సిస్టమ్ పంపే నంబరుని కూడా అదే ఫంక్షన్ గుండా పంపి, సమానమా కాదా అని మాత్రమే చూడండి. ఆ ఫంక్షన్ డేటాబేస్‌లో ఉండాలి, వర్క్‌ఫ్లోలో కాదు. అప్పుడే రెండు వైపులా ఒకే కత్తెర పడుతుంది.

వచ్చింది వచ్చినట్టు రాసుకోవడం

ఇప్పుడు కాల్ ఈవెంట్ల టేబుల్. కాల్ ఐడీ, లెగ్ ఐడీ, ఈవెంట్ రకం, ఫోన్ సిస్టమ్ చెప్పిన సమయం, మన దగ్గరకు చేరిన సమయం, వచ్చిన మొత్తం సరుకు జేసన్ డేటాని దాచే జేసన్‌బీ కాలమ్‌లో. ఇంతే. కస్టమర్ ఎవరు, మిస్డ్ కాలా కాదా అనే ఆలోచన ఇక్కడ లేదు.

లెగ్ అంటే ఏమిటో చెప్పాలి. ఒక కస్టమర్ కాల్ చేస్తే ముగ్గురి ఫోన్లు ఒకేసారి మోగేలా రింగ్ గ్రూప్ పెట్టారనుకోండి. మనకది ఒక కాల్, సిస్టమ్‌కి నాలుగు: లోపలికి వచ్చింది ఒకటి, ముగ్గురికీ వెళ్లినవి మూడు. ఒక్కోదానికీ ఒక్కో ఐడీ. వాటిని ఒక కుటుంబంగా కట్టే గుర్తు ఇంకోటి ఉంటుంది. ట్విలియో అనే క్లౌడ్ ఫోన్ సేవలో అది పేరెంట్ కాల్ ఎస్‌ఐడీ, ఆస్టెరిస్క్‌లో లింక్డ్‌ఐడీ. మీ సిస్టమ్‌లో ఆ గుర్తు ఏదో డాక్యుమెంటేషన్‌లో వెతికి పట్టుకోవడం మొదటిరోజే చేయండి. అది లేకుండా రాసిన లెక్కలన్నీ తరవాత తప్పుతాయి.

కాల్ ఐడీ, లెగ్ ఐడీ, ఈవెంట్ రకం మూడింటి మీదా కలిపి యూనీక్ నిబంధన పెట్టండి. సిస్టమే ప్రతి ఈవెంట్‌కీ వేరే ఐడీ ఇస్తుంటే ఆ ఒక్కదాని మీద పెడితే ఇంకా మేలు. ఇన్సర్ట్ చివర ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ఉన్నదే మళ్లీ వస్తే వదిలేయి అని) రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఉంది ఇది, మైఎస్‌క్యూఎల్‌లో ఇన్సర్ట్ ఇగ్నోర్ దగ్గర చుట్టం. ఎందుకంటే అదే ఈవెంట్ రెండుసార్లు వస్తుంది. మనం జవాబు చెప్పడం ఆలస్యమైతే, చేరలేదేమో అనుకుని సిస్టమ్ మళ్లీ పంపుతుంది. వర్క్‌ఫ్లోలో "ఇది ఇంతకు ముందు వచ్చిందా" అని ఒక ఇఫ్ నోడ్ (వర్క్‌ఫ్లోలో ఒక అడుగు) పెట్టి ఆపాలని చూస్తారు కొందరు. రెండు కాపీలూ ఒకే క్షణంలో వస్తే ఆ నోడ్ రెండింటికీ "రాలేదు" అనే చెబుతుంది. డేటాబేస్ నిబంధన మాత్రం ఒకదాన్నే లోపలికి రానిస్తుంది.

ఈవెంట్లు వరుసలో వస్తాయని కూడా నమ్మకండి. "అయిపోయింది" అనేది ముందొచ్చి "ఎత్తారు" అనేది వెనక రావచ్చు. కాబట్టి ఏ ఈవెంట్ వచ్చినా కాల్ స్థితిని అప్పటికప్పుడు మార్చేసే పద్ధతి వద్దు. అన్నీ రాసుకోండి, తరవాత ఫోన్ సిస్టమ్ చెప్పిన సమయాన్నిబట్టి వరుస పెట్టుకోండి.

సమయం కాలమ్ టైమ్‌జోన్‌తో ఉండే రకం కావాలి. ఆస్టెరిస్క్ సీడీఆర్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే సర్వర్ స్థానిక సమయమే పడుతుంది, క్లౌడ్ సిస్టమ్‌లు ఎక్కువగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తాయి. రెండూ ఒక టేబుల్‌లో కలిస్తే కాల్ మోగకముందే ఎత్తినట్టు కనపడుతుంది.

మొదటి వర్క్‌ఫ్లో

ఎన్‌ఎయిట్‌ఎన్‌లో ఇది చాలా చిన్నది. వెబ్‌హుక్ నోడ్, సంతకం సరిచూసే నోడ్, పోస్ట్‌గ్రెస్ నోడ్, జవాబు చెప్పే నోడ్.

వెబ్‌హుక్ నోడ్ తెరిస్తే రెండు యూఆర్‌ఎల్‌లు కనపడతాయి, టెస్ట్ ఒకటి, ప్రొడక్షన్ ఒకటి. టెస్టుది మీరు ఎడిటర్‌లో వినమని బటన్ నొక్కినప్పుడే పనిచేస్తుంది. ప్రొడక్షన్‌ది వర్క్‌ఫ్లో యాక్టివ్‌గా ఉంటేనే పనిచేస్తుంది. ఫోన్ సిస్టమ్‌లో టెస్ట్ యూఆర్‌ఎల్ అతికించి "నిన్న పనిచేసింది, ఇవాళ రావట్లేదు" అని ఫోరాల్లో తలపట్టుకునేవాళ్లు కొల్లలు.

సంతకం సంగతి. ఆ యూఆర్‌ఎల్ తెలిసిన ఎవరైనా దొంగ ఈవెంట్లు పంపగలరు. అందుకని సిస్టమ్ తను పంపే ప్రతిదానికీ ఒక రహస్య తాళంతో లెక్కగట్టిన హెచ్‌మ్యాక్ సంతకాన్ని హెడర్‌లో పెడుతుంది. మనమూ అదే లెక్క చేసి రెండూ ఒకటేనా అని చూడాలి. క్రిప్టో నోడ్‌లో ఈ లెక్క ఉంది. ఇక్కడ రెండు గుంటలున్నాయి. సంతకం ముడి బైట్ల మీద లెక్కగట్టేది అయితే, జేసన్‌ని విప్పి మళ్లీ మూటగట్టాక చేసిన లెక్క కలవదు. వెబ్‌హుక్ నోడ్‌లో రా బాడీ ఆప్షన్ ఆన్ చేసుకోండి. రెండోది, ట్విలియో లాంటివి సంతకంలో యూఆర్‌ఎల్‌ని కూడా కలుపుతాయి. మీరు రివర్స్ ప్రాక్సీ వెనక ఉంటే మీ టూల్‌కి కనపడే లోపలి అడ్రసు వేరు, వాళ్లు పిలిచిన బయటి అడ్రసు వేరు. లెక్కకు బయటిదే వాడాలి.

పోస్ట్‌గ్రెస్ నోడ్‌లో క్వెరీ రాసేటప్పుడు విలువల్ని వాక్యంలో అతికించకుండా $1, $2 అని పారామీటర్లుగా పంపండి. కాలర్ పేరు అనే చోట బయటివాళ్లు ఏ అక్షరాలైనా పెట్టి పంపొచ్చు. అది నేరుగా ఎస్‌క్యూఎల్‌లోకి దూరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఈ పనికి డేటాబేస్‌లో వేరే యూజర్ పెట్టి, ఈవెంట్ల టేబుల్‌లో ఇన్సర్ట్ చేసే హక్కు మాత్రం ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డు ఇచ్చి వదిలేయడం బద్ధకం, అంతే.

వరుస పడ్డాకే 200 (అందింది) చెప్పండి. ఇన్సర్ట్ విఫలమైతే 500 (మా వైపు తప్పు జరిగింది) వెళ్లాలి, అప్పుడే మళ్లీ పంపే సిస్టమ్ మళ్లీ పంపుతుంది. "రాగానే జవాబు" అనే సెట్టింగ్ పెడితే డేటాబేస్ పడిపోయినప్పుడు కూడా 200 వెళ్తుంది, ఆ ఈవెంట్ గాల్లో కలుస్తుంది.

మిస్డ్ కాల్ అంటే ఏది?

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. సంస్థలో అందరూ ఎదురుచూసేది దీనికోసమే, గొడవలు వచ్చేదీ దీని దగ్గరే.

ముగ్గురి ఫోన్లు మోగాయి, ఒకరు ఎత్తారు. మిగతా ఇద్దరి లెగ్‌ల ఫలితం ఎత్తనట్టే నమోదవుతుంది. "ఎత్తనివి" అని అమాయకంగా వెతికితే చక్కగా మాట్లాడిన కాల్ కూడా రెండు మిస్డ్ కాల్స్ అయి కూర్చుంటుంది. కాబట్టి ముందు కుటుంబం మొత్తాన్ని కలపాలి, అందులో మనిషి ఎత్తిన లెగ్ ఒక్కటైనా ఉందా అని చూడాలి.

"మనిషి" అని ఊరికే అనలేదు. వాయిస్‌మెయిల్ కూడా ఫోన్ ఎత్తుతుంది. ఆస్టెరిస్క్‌లో ఆ కాల్‌కి ఆన్సర్డ్ అనే పడుతుంది, లాస్ట్‌యాప్ అనే కాలమ్ చూస్తేనే ఎత్తింది వాయిస్‌మెయిల్ అని తెలుస్తుంది. టెక్నీషియన్ సొంత మొబైల్‌కి ఫార్వర్డ్ చేసి, అది అతని మొబైల్ వాయిస్‌మెయిల్‌కి పోతే ఇంకా చిక్కు: మన సిస్టమ్ కంటికి అది అసలైన సంభాషణే. ఎత్తినవాళ్లు ఒకటి నొక్కితేనే కాల్ కలిసేలా పెట్టుకోవడమే దానికి నాకు తెలిసిన గట్టి మందు.

నిడివి చూసేటప్పుడు డ్యూరేషన్, బిల్‌సెక్ తేడా గమనించండి. మొదటిదాంట్లో మోగిన సమయం కూడా కలిసి ఉంటుంది, రెండోది ఎత్తినప్పటి నుంచి లెక్క. "సగటున ఎంతసేపు మాట్లాడుతున్నాం" అనే రిపోర్టుకి మొదటిది వాడితే, ఫోన్ ఎత్తడానికి ఎక్కువసేపు తీసుకున్నవాళ్లే ఎక్కువ మాట్లాడినట్టు తేలుతుంది.

ఈ నియమాలన్నీ నేను మిస్డ్ కాల్స్ అనే ఒక వ్యూలో (డేటాబేస్‌లో దాచుకున్న క్వెరీ) రాశాను. మెనూ వింటూ ఉండగానే పెట్టేసినవి అందులోకి రావు. మనుషుల ఫోన్లదాకా వెళ్లి ఎవరూ ఎత్తనివే వస్తాయి. నియమం మారితే వ్యూ మారుస్తాను, వర్క్‌ఫ్లో వైపు చూడను. పాత నెలల లెక్కలు కూడా కొత్త నియమం ప్రకారం వెంటనే వచ్చేస్తాయి, ముడి ఈవెంట్లు దాచుకున్నందుకు దక్కే లాభం అది.

రెండో వర్క్‌ఫ్లో నిమిషానికోసారి లేచి ఆ వ్యూ చూస్తుంది, కొత్తవి ఉంటే పనుల టేబుల్‌లో వేస్తుంది. కస్టమర్‌కి ఎవరూ ఎత్తకపోతే వెంటవెంటనే మూడు నాలుగుసార్లు చేస్తాడు. నాలుగు పనులు పడితే నలుగురు తిరిగి చేస్తారు, ఆయన నలుగురికీ అదే కథ చెప్పాలి. దీనికి పోస్ట్‌గ్రెస్‌లో ఒక చక్కని ఉపాయం ఉంది: పాక్షిక యూనీక్ ఇండెక్స్. నంబరు కాలమ్ మీద యూనీక్ పెట్టి, షరతుగా "స్థితి తెరిచి ఉన్నప్పుడు మాత్రమే" అని రాయండి. ఒక నంబరుకి తెరిచి ఉన్న పని ఒక్కటే ఉండగలదు, మూసేసినవి ఎన్నైనా ఉండొచ్చు. రెండో మిస్డ్ కాల్ వస్తే ఉన్న పనిలోనే లెక్క ఒకటి పెరుగుతుంది. అదే నంబరుతో ఈలోగా ఎవరైనా మాట్లాడితే, వచ్చిన కాల్ అయినా మనం చేసినదైనా, పని దానంతటదే మూసుకుంటుంది.

నంబరు దాచి చేసేవాళ్లకు పని వేయకండి. తిరిగి చేయడానికి అక్కడ ఏమీ లేదు.

నిమిషం కూడా ఆగలేం అనేవాళ్లకు పోస్ట్‌గ్రెస్‌లో లిజన్, నోటిఫై ఉన్నాయి. వరుస పడగానే వినేవాళ్లకు కబురు వెళ్తుంది. కానీ ఆ క్షణంలో వినేవాళ్లు లేకపోతే కబురు పోయినట్టే. అందుకని దాన్ని తొందర పెట్టడానికే వాడండి, నిమిషానికోసారి చూసే పనిని మాత్రం తీసేయకండి. ఒకేసారి రెండు వర్క్‌ఫ్లోలు అదే వరుసను అందుకోకుండా ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ వాడండి.

మోగుతుండగా పేరు

ఇది తొందర పని. కాల్ వచ్చిన క్షణంలో ఫోన్ సిస్టమ్ మనల్ని "ఈ నంబరు ఎవరు" అని అడుగుతుంది, మనం జవాబు ఇచ్చేదాకా కస్టమర్ అవతల వింటూ ఉంటాడు. ట్విలియో 15 సెకన్ల దాకా ఆగుతుంది కానీ, అన్ని సెకన్లు కాచుకోవాల్సి వస్తే మనిషి పెట్టేస్తాడు. ఒక సెకను లోపల తేలాలి. ఈ దారిలో ఒకే క్వెరీ, ఒకే జవాబు ఉండాలి. మధ్యలో ఈమెయిల్ పంపడం, చాట్‌లో మెసేజ్ పెట్టడం లాంటివి చొప్పించకండి. జవాబు రాకపోతే కాల్ మామూలు క్యూలోకి వెళ్లేలా ఫోన్ సిస్టమ్‌లోనే ప్రత్యామ్నాయ దారి పెట్టండి. డేటాబేస్ పడుకుంటే పేరు రాకపోయినా ఫరవాలేదు, ఫోన్ మాత్రం మోగాలి.

తెరమీద ఏం చూపించాలో తేల్చింది మా ఫ్రంట్ డెస్క్ అమ్మాయి. నేను పదకొండు వివరాలతో పెద్ద కార్డు చూపిస్తే ఒక్క మాటలో కొట్టిపారేసింది. "అక్కా, నాకు పేరూ, పెండింగ్ జాబూ చాలు. మిగతాది చదివేలోపు ఆయన హలో హలో అంటూ ఉంటాడు." ఇప్పుడు కార్డులో పేరు, తెరిచి ఉన్న జాబు నంబరు, చివరి సంభాషణ మీద ఒక్క లైను ఉన్నాయి. ఒకే నంబరుకి ఇద్దరు కస్టమర్లుంటే ఇద్దరి పేర్లూ చూపిస్తాం, మెషీన్‌ని ఎంచుకోనివ్వం. ఆ అమ్మాయి "ఎవరు మాట్లాడుతున్నారండీ" అని అడుగుతుంది, అంతే.

కాలర్ ఐడీ నకిలీ చేయొచ్చని గుర్తుంచుకోండి. నంబరు కలిసింది కదా అని ఆటోమేటిక్ గొంతుతో బాకీ ఎంతో, ఇంటి చిరునామా ఏదో చదివి వినిపించే ఏర్పాటు పెట్టకండి. నంబరు చెప్పేది "బహుశా ఈయన" అని మాత్రమే.

డేటాబేస్ నుంచి ఫోన్ వైపు

కాంటాక్టులను ఫోన్ సిస్టమ్‌లోకి పంపడం కూడా అడుగుతారు. మారినవి మాత్రమే పంపండి. అప్‌డేటెడ్ సమయం చూసి, పోయినసారి ఆగిన చోటికి కొన్ని నిమిషాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. ఆ అంచున కమిట్ అయిన వరుసలు జారిపోకుండా ఉంటాయి. తీసేసిన కస్టమర్లు ఈ పద్ధతిలో కనపడరు కాబట్టి వరుస చెరిపేయకుండా "తీసేశాం" అని గుర్తు పెట్టుకోవడం మేలు. ఎక్కువ పంపితే 429 (మరీ ఎక్కువ పంపుతున్నారు) వస్తుంది, ఎంతసేపు ఆగాలో తరచూ రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఉంటుంది. దాన్ని గౌరవించండి.

రెండు వైపులా మార్పులు పంపితే చక్రం తిరగడం మొదలవుతుంది: మనం పంపిన మార్పు అక్కడ ఈవెంట్ అవుతుంది, అది మళ్లీ మన దగ్గర మార్పు అవుతుంది. పేర్లకు యజమాని డేటాబేసే అని తేల్చి, అటు నుంచి వచ్చే పేరు మార్పుల్ని వదిలేస్తే ఆ గోల ఉండదు.

రికార్డింగులను డేటాబేస్‌లోకి లాగకండి, లింకు చాలు. ఆ లింకు తెరవడానికి లాగిన్ అడగాలి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పే సందేశం ఉందో లేదో, మీ చట్టం ఏమంటుందో చూసుకోండి. ఇంకోటి చాలామంది మరిచిపోతారు: వర్క్‌ఫ్లో టూల్ తను నడిచిన ప్రతిసారీ వచ్చిన సరుకంతా తన చరిత్రలో దాస్తుంది. అంటే కస్టమర్ల నంబర్లు అక్కడ ఇంకో కాపీగా పేరుకుంటున్నాయి. విఫలమైనవి మాత్రం ఉంచి, మిగతావి దాచకుండా సెట్టింగ్ పెట్టండి.

వదిలే ముందు చేయాల్సిన కాల్స్

నిజం ఫోన్‌తో చేయండి, నకిలీ జేసన్‌తో కాదు. తెలిసిన నంబరు నుంచి, తెలియని నంబరు నుంచి, నంబరు దాచి, ఇద్దరు కస్టమర్లకు ఉమ్మడిగా ఉన్న నంబరు నుంచి. మోగుతుండగా పెట్టేయండి. మెనూలో పెట్టేయండి. ఒకరు ఎత్తి ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేయండి. పని వేళలు అయ్యాక చేసి వాయిస్‌మెయిల్ వదలండి. తరవాత డేటాబేస్‌ని కావాలని ఆపి ఒక కాల్ చేయండి. ఫోన్ మోగిందా, డేటాబేస్ లేచాక ఆ ఈవెంట్ వచ్చిందా చూడండి.

చివరిది రాకపోతే కంగారు పడకండి. కొన్ని సిస్టమ్‌లు మళ్లీ పంపుతాయి, కొన్ని ఒక్కసారి ప్రయత్నించి వదిలేస్తాయి. అందుకే మూడో వర్క్‌ఫ్లో ఒకటి రాత్రిపూట నడవాలి. అది ఫోన్ సిస్టమ్ ఏపీఐ నుంచి ఆ రోజు కాల్ లాగ్ మొత్తం తెచ్చి, ఈవెంట్ల రూపంలోకి మార్చి, అదే టేబుల్‌లో అదే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్‌తో వేస్తుంది. ఐడీలు, ఈవెంట్ పేర్లు వెబ్‌హుక్ నుంచి వచ్చినట్టే ఉండేలా మార్చాలి, లేదంటే ఒకే కాల్ రెండుసార్లు పడుతుంది. ఉన్నవి ఉంటాయి, జారినవి వచ్చి చేరతాయి. ఎన్ని కొత్తగా చేరాయో ఒక అంకె నాకు పంపుతుంది. సున్నా అయితే నిద్రపోతాను. నాలుగైదు అయితే ఏ గంటలో జారాయో పొద్దున చూస్తాను. వందలు దాటితే మాత్రం వర్క్‌ఫ్లో యాక్టివ్ బటన్ ఎవరు ఆపారని మొదట అడుగుతాను.